డీబీ2 కమాండ్లు: స్టాప్ ఇచ్చినా స్టాప్‌పీలోనే నిలిచిపోయే టేబుల్‌స్పేస్ – ఏం చూడాలి, ఏం కొట్టకూడదు?

#1 – కొత్తకన్సోల్

జెడ్/ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద డీబీ2 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్). డేటాబేస్ పేరు లెడ్జ్‌డీబీ, టేబుల్‌స్పేస్ (టేబుళ్ల డేటా ఉండే చోటు) లెడ్జ్‌టీఎస్, 8 పార్టిషన్లు (భాగాలు). ఆఫ్‌లైన్ కాపీ కోసం టేబుల్‌స్పేస్‌ని ఆపాలి. కన్సోల్ నుంచి ఇచ్చిన కమాండ్ ఇది:

`-డీబీ2ఏ స్టాప్ డీబీ(లెడ్జ్‌డీబీ) స్పేస్‌నామ్(లెడ్జ్‌టీఎస్)`

వెంటనే డీఎస్ఎన్9022ఐ, నార్మల్ కంప్లీషన్ అని వచ్చింది. డిస్‌ప్లే చేస్తే 3వ, 5వ పార్టిషన్లు స్టాప్‌పీ, మిగతావి స్టాప్. కాపీ జాబ్ డేటాసెట్ వాడకంలో ఉందంటోంది. నా ప్రశ్నలు మూడు. నార్మల్ కంప్లీషన్ అని చెప్పాక కూడా ఎందుకు ఆగలేదు? ఎవరు పట్టుకున్నారో ఎలా తెలుస్తుంది? యాక్సెస్(ఫోర్స్) కొడితే సరిపోతుందని ఒక రన్‌బుక్‌లో రాసి ఉంది, అది సరైనదేనా?

#2 – పేజ్‌సెట్

మూడో ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. యాక్సెస్(ఫోర్స్) స్టార్ట్ కమాండ్‌లో ఉండే ఆప్షన్. ఆపడానికి దానికీ సంబంధం లేదు. ఆ రన్‌బుక్ లైన్ ఇవాళే కొట్టేయించండి. దాని సంగతి విడిగా రాస్తాను.

మొదటి ప్రశ్న. స్టాప్ డేటాబేస్‌కి వచ్చే డీఎస్ఎన్9022ఐకి "అన్నీ ఆగిపోయాయి" అని అర్థం కాదు. కమాండ్‌ని డీబీ2 స్వీకరించింది, పని నడుస్తూ ఉండవచ్చు అని మాత్రమే. ఆగిందా లేదా అన్నది డిస్‌ప్లేలోనే తేలుతుంది. కమాండ్ తప్పితే వచ్చేది డీఎస్ఎన్9023ఐ.

స్టాప్‌పీ అంటే స్టాప్ పెండింగ్. ఆ పార్టిషన్ మీద ఇంకా ఎవరిదో క్లెయిమ్ (వాడుతున్నానని డీబీ2 దగ్గర నమోదు) ఉంది. అది వదిలేదాకా డీబీ2 డేటాసెట్‌ని మూయదు. మీ కాపీ జాబ్‌కి ఎదురైంది అదే.

ఈ ఎదురుచూపుకి ఒక హద్దు ఉంది. లాక్ టైమవుట్ విలువకి స్టాప్ డేటాబేస్ విషయంలో 10 రెట్లు తీసుకుంటుంది. ఆ విలువ పెట్టే పారామీటర్ ఐఆర్ఎల్ఎంఆర్‌డబ్ల్యూటీ 30 ఉంటే 300 సెకన్లు. యుటిలిటీలకు ఇది మామూలుగా 6 రెట్లు, బైండ్‌కి 3. అంటే 5 నిమిషాలు దాటాక కూడా స్టాప్‌పీ కనిపిస్తుంటే అడ్డు తొలగించి స్టాప్ మళ్లీ ఇవ్వాలి. దానంతటదే అవుతుందని కూర్చుంటే బ్యాచ్ విండో పోతుంది.

#3 – క్లెయిమ్‌డ్రెయిన్

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. కొట్టాల్సింది ఇది:

`-డీబీ2ఏ డిస్ డీబీ(లెడ్జ్‌డీబీ) స్పేస్‌నామ్(లెడ్జ్‌టీఎస్) క్లెయిమర్స్ లిమిట్(*)`

లిమిట్(*) మరిచిపోకండి. ఏమీ ఇవ్వకపోతే 50 దగ్గర తెగిపోతుంది. పార్టిషన్లు ఎక్కువున్న చోట మీకు కావలసిన వరుస ఆ 50 తర్వాతే ఉంటుంది.

డీఎస్ఎన్‌టీ397ఐ కింద వచ్చే వరుసలు సుమారుగా ఇలా ఉంటాయి:

```
పేరు        టైప్  పార్ట్   స్టేటస్    కాన్ఐడీ  కార్ఐడీ      క్లెయిమ్ఇన్ఫో
లెడ్జ్‌టీఎస్  టీఎస్  0003  స్టాప్‌పీ  బ్యాచ్    పోస్ట్‌జాబ్   (డబ్ల్యూఆర్,సీ)
లెడ్జ్‌టీఎస్  టీఎస్  0005  స్టాప్‌పీ  సర్వర్    రిపోర్ట్     (సీఎస్,హెచ్)
```

బ్రాకెట్‌లో మొదటి ముక్క క్లెయిమ్ తరగతి: సీఎస్ (కర్సర్ స్టెబిలిటీతో చదవడం), ఆర్ఆర్ (రిపీటబుల్ రీడ్), లేదా డబ్ల్యూఆర్ (రాయడం). రెండోది అది ఎంతకాలం ఉంటుందో చెబుతుంది. సీ అంటే కమిట్‌తో వదిలేస్తుంది. హెచ్ అంటే కమిట్ దాటినా వదలదు, విత్ హోల్డ్ కర్సర్ ఏదో తెరిచి ఉంది. ఏ అంటే థ్రెడ్ (అప్లికేషన్‌కి డీబీ2తో ఉన్న కనెక్షన్) డీఅలొకేట్ అయ్యేదాకా ఉంటుంది.

పైదాంట్లో 3వ పార్టిషన్ బ్యాచ్ జాబ్ రాస్తోంది, కమిట్ చేస్తే దిగిపోతుంది. కమిట్ చేయకుండా లక్ష వరుసలు రాసే జాబ్ అయితే అది వేరే సమస్య. 5వ పార్టిషన్ అసలు మొండి కేసు: చదివేవాడే, కానీ కర్సర్ మూయలేదు. స్క్రీన్ తెరిచి వదిలేసిన రిపోర్ట్ ఇలాగే కనిపిస్తుంది. వెయిట్ చేసి లాభం లేదు.

క్లెయిమర్స్‌కి బదులు లాక్స్ అని ఇస్తే లాక్ వివరాలు వస్తాయి. అక్కడ హెచ్-ఐఎక్స్,ఎస్,ఏ లాంటిది చూస్తే చివరి ఏ గమనించండి. ప్యాకేజీ రిలీజ్(డీఅలొకేట్)తో, అంటే థ్రెడ్ ముగిసేదాకా లాక్ వదలని పద్ధతిలో, బైండ్ అయి ఉంటే కనిపించే గుర్తు అది.

#4 – సిస్‌ప్లెక్స్

ఒక చిన్న మాట. డేటా షేరింగ్ గ్రూప్ (ఒకే డేటాని పంచుకునే అనేక డీబీ2లు, ఒక్కొక్కటి ఒక మెంబర్) అయితే కమాండ్ ఏ మెంబర్‌కి వెళ్తోందో చూసుకోవాలి. స్టాప్, స్టార్ట్ డేటాబేస్ గ్రూప్ మొత్తానికి వర్తిస్తాయి. కానీ డిస్‌ప్లే థ్రెడ్ మామూలుగా ఆ ఒక్క మెంబర్ థ్రెడ్లనే చూపిస్తుంది. స్కోప్(గ్రూప్) ఇస్తేనే అందరివీ వస్తాయి. "థ్రెడ్ ఏదీ లేదు, అయినా స్టాప్‌పీ" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. క్యాన్సిల్ థ్రెడ్ మాత్రం ఆ థ్రెడ్ ఉన్న మెంబర్‌లోనే ఇవ్వాలి.

కన్సోల్‌లో -డీబీ2ఏ అనేది ఆ సబ్‌సిస్టమ్‌కి ఐఈఎఫ్ఎస్ఎస్ఎన్ అనే జెడ్/ఓఎస్ సెట్టింగుల ఫైల్‌లో ఇచ్చిన కమాండ్ ప్రిఫిక్స్. 8 అక్షరాల దాకా ఉండొచ్చు. స్కోప్ ఎస్ అని నిర్వచించి ఉంటే సిస్‌ప్లెక్స్‌లో (కలిపి నడిపే జెడ్/ఓఎస్‌ల సమూహం) ఏ కన్సోల్ నుంచి ఇచ్చినా సరైన చోటికి చేరుతుంది, రూట్ కమాండ్ అక్కర్లేదు. ఎం అయితే ఆ సిస్టమ్‌లోనే చెల్లుతుంది. ఎస్‌డీఎస్ఎఫ్ నుంచి ఇచ్చేటప్పుడు ముందు స్లాష్ పెట్టాలి: `/-డీబీ2ఏ డిస్ థ్రెడ్(*)`.

#5 – కొత్తకన్సోల్

క్లెయిమర్స్‌లో సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంది: ఒకటి (డబ్ల్యూఆర్,సీ), ఇంకోటి (సీఎస్,హెచ్). బ్యాచ్ జాబ్ కమిట్ అయ్యి 3వ పార్టిషన్ స్టాప్‌లోకి వచ్చేసింది. 5వది అలాగే ఉంది. క్యాన్సిల్ థ్రెడ్ ఇవ్వవచ్చా? నోబ్యాకౌట్ ఇస్తే త్వరగా అవుతుందంటున్నారు.

#6 – లాగ్‌రికార్డు

క్యాన్సిల్ ఇవ్వవచ్చు. నోబ్యాకౌట్ ఇవ్వకండి. కారణం కింద రాస్తున్నాను, ముందు థ్రెడ్‌ని చదవడం నేర్చుకోండి.

`-డీబీ2ఏ డిస్ థ్రెడ్(*) టైప్(యాక్టివ్)` ఇస్తే డీఎస్ఎన్‌వీ402ఐ కింద పేరు, ఎస్‌టీ, ఏ, ఆర్‌ఈక్యూ, ఐడీ, ఆథ్‌ఐడీ, ప్లాన్, ఏఎస్ఐడీ, టోకెన్ అనే కాలమ్స్ వస్తాయి. నిజంగా పనికొచ్చేవి రెండు: ఏ, ఆర్‌ఈక్యూ. ఏ కింద నక్షత్రం ఉంటే కంట్రోల్ ఇప్పుడు డీబీ2 లోపల ఉంది. లేకపోతే అప్లికేషన్‌లో ఉంది. ఆర్‌ఈక్యూ అనేది ఆ థ్రెడ్ పంపిన రిక్వెస్ట్‌ల లెక్క. పది సెకన్ల తేడాతో రెండుసార్లు డిస్‌ప్లే కొట్టండి.

ఆర్‌ఈక్యూ పెరుగుతుంటే థ్రెడ్ పనిచేస్తోంది, వీలైతే ఆగండి. నక్షత్రం ఉండి ఆర్‌ఈక్యూ కదలకపోతే ఒక పెద్ద ఎస్‌క్యూఎల్‌లో ఉంది, లేదా తాళం కోసం నిలబడింది. నక్షత్రం లేదు, ఆర్‌ఈక్యూ కదలదు అంటే అప్లికేషన్ కమిట్ చేయకుండా పక్కన కూర్చుంది. మీ 5వ పార్టిషన్ దాదాపు ఖాయంగా ఈ మూడోదే.

క్యాన్సిల్‌కి టోకెన్ వాడాలి: `-డీబీ2ఏ క్యాన్సిల్ థ్రెడ్(4711)`. ఐతే అలైడ్ థ్రెడ్ (అదే సిస్టమ్‌లోని బ్యాచ్ జాబ్ నుంచో, సీఐసీఎస్, ఐఎంఎస్ అనే లావాదేవీ సాఫ్ట్‌వేర్‌ల నుంచో వచ్చినది) రద్దు కావాలంటే కంట్రోల్ డీబీ2 లోపలికి రావాలి. అప్లికేషన్‌లోనే ఉండిపోతే కమాండ్ నమోదవుతుంది, థ్రెడ్ అలాగే కనిపిస్తుంది. అప్పుడు అదే క్యాన్సిల్ నాలుగుసార్లు కొట్టడం దండగ. దాని యజమాని వైపు నుంచి వెళ్లాలి: బ్యాచ్ అయితే జెడ్/ఓఎస్ క్యాన్సిల్, సీఐసీఎస్ టాస్క్ అయితే సీఐసీఎస్ నుంచి, ఐఎంఎస్ రీజియన్ అయితే ఐఎంఎస్ నుంచి. ఆ దశలో కూడా జెడ్/ఓఎస్ ఫోర్స్ జోలికి వెళ్లకండి. డీబీ2 కోడ్ లోపల ఉన్న అడ్రస్ స్పేస్‌ని ఫోర్స్‌తో తీసేస్తే మొత్తం డీబీ2 సబ్‌సిస్టమే పడిపోయే ప్రమాదం ఉంది. ఒక టేబుల్‌స్పేస్ కోసం అంత పందెం వద్దు.

నోబ్యాకౌట్ సంగతి. రాసిన మార్పుల్ని వెనక్కి తీయకుండా థ్రెడ్‌ని చంపమని దాని అర్థం. మార్పులు సగంలో మిగిలిపోతాయి. ఆ థ్రెడ్ ముట్టుకున్న వస్తువులన్నీ ఆర్‌ఈఎఫ్‌పీ (రిఫ్రెష్ పెండింగ్) లోకి, దానితోపాటు టేబుల్‌స్పేస్ ఆర్‌ఈసీపీ (రికవర్ పెండింగ్) లోకి, ఇండెక్స్ ఆర్‌బీడీపీ (రీబిల్డ్ పెండింగ్) లోకి వెళ్తాయి. తర్వాత రికవర్ చేయాలి, లేదా లోడ్ రీప్లేస్. పదిహేను నిమిషాల రోల్‌బ్యాక్‌కి భయపడి గంటల రికవరీ తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది.

మామూలు క్యాన్సిల్ తర్వాత రోల్‌బ్యాక్ ఎక్కడిదాకా వచ్చిందో డీఎస్ఎన్‌ఆర్048ఐలో కనిపిస్తుంది: ఇప్పుడు చదువుతున్న లాగ్ ఆర్‌బీఏ (లాగ్‌లో స్థానం), చేరాల్సిన ఆర్‌బీఏ. రెండు మెసేజ్‌ల మధ్య ఎంత తగ్గిందో లెక్క కట్టి మిగతాది అంచనా వేయొచ్చు. పాత లాగ్ ఆర్కైవ్‌కి, అందులోనూ టేప్‌కి వెళ్లిపోయి ఉంటే లెక్క తప్పుతుంది, ఇంకా ఆలస్యం అవుతుంది. మీ థ్రెడ్ చదివేదే కాబట్టి వెనక్కి తీయాల్సిందే లేదు. దిగులు పడకుండా క్యాన్సిల్ ఇవ్వండి.

#7 – క్లెయిమ్‌డ్రెయిన్

లాగ్‌రికార్డు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇలాంటి థ్రెడ్‌ని క్యాన్సిల్ దాకా రాకముందే పట్టవచ్చు. కమిట్ లేకుండా చెక్‌పాయింట్లు దాటిపోతున్న పనికి డీఎస్ఎన్‌ఆర్035ఐ వస్తుంది. లాగ్ రికార్డులు ఎక్కువ రాసినదానికి డీఎస్ఎన్‌జే031ఐ. మొదటిదానికి హద్దు యూఆర్‌సీహెచ్‌కేటీహెచ్, రెండోదానికి యూఆర్‌ఎల్‌జీడబ్ల్యూటీహెచ్. ఇవి 0గా ఉంటే మెసేజ్ రాదు. ముందు వాటిని చూడండి.

ఇక ఏ అని కనిపించే థ్రెడ్లకు, అంటే డీఅలొకేట్‌తో బైండ్ అయి మళ్లీ మళ్లీ వాడబడే థ్రెడ్లకు, మామూలు స్టాప్ చాలదు. ఇలా ఇవ్వాలి:

`-డీబీ2ఏ స్టాప్ డీబీ(లెడ్జ్‌డీబీ) స్పేస్‌నామ్(లెడ్జ్‌టీఎస్) ఏటీ(కమిట్)`

కొత్తవాళ్లను రానివ్వదు. లోపలున్నవాళ్లు తరువాతి కమిట్ దాకా నడుస్తారు, కమిట్ కాగానే మళ్లీ ముట్టుకోలేరు. నెట్‌వర్క్ నుంచి వచ్చే థ్రెడ్లయితే `-డీబీ2ఏ మాడిఫై డీడీఎఫ్ పీకేజీఆర్‌ఈఎల్(కమిట్)` ముందుగా ఇస్తే అవి డీఅలొకేట్ పద్ధతి మాని కమిట్ దగ్గరే వదులుతాయి. పని అయ్యాక పీకేజీఆర్‌ఈఎల్(బీఎన్‌డీఓపీటీ) అని తిరిగి పెట్టాలి. లేకపోతే మరుసటి రోజు సీపీయూ వాడకం పెరిగిందెందుకని వెతుకుతూ కూర్చుంటారు.

#8 – పేజ్‌సెట్

ఇప్పుడు యాక్సెస్(ఫోర్స్). దీని మీద నా అభిప్రాయం గట్టిది, దాచుకోను.

`-స్టార్ట్ డీబీ(...) స్పేస్‌నామ్(...) యాక్సెస్(ఫోర్స్)` ఒక జెండా తీసేస్తుంది, అంతే. ఆ జెండా ఎందుకు పడిందో ఆ కారణాన్ని ముట్టుకోదు. సీఓపీవై (కాపీ పెండింగ్), సీహెచ్‌కేపీ (చెక్ పెండింగ్), ఆర్‌ఈసీపీ, ఎల్‌పీఎల్ (డీబీ2 చదవలేక, రాయలేక పక్కన పెట్టిన పేజీల జాబితా) పేజీలు, రైట్ ఎర్రర్ పేజీలు, యుటిలిటీ పట్టు – వీటన్నిటినీ తుడిచేస్తుంది. స్క్రీన్ మీద ఆర్‌డబ్ల్యూ (చదవొచ్చు, రాయొచ్చు) అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డేటా మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది.

కాపీ పెండింగ్ తీసుకోండి. లాగ్ నోతో లోడ్ చేస్తే పడుతుంది. లాగ్‌లో ఆ లోడ్ వివరం లేదు కాబట్టి ఇమేజ్ కాపీ తీసేదాకా మార్పులు ఒప్పుకోనని డీబీ2 ఆపుతుంది. ఫోర్స్‌తో తీసేశారనుకోండి. అప్లికేషన్లు మూడు రోజులు రాస్తాయి. నాలుగో రోజు డిస్క్ దెబ్బతిని రికవర్ వేస్తే డీఎస్ఎన్‌యూ556ఐ వస్తుంది: సిస్‌కాపీలో (కాపీలు, లోడ్‌ల చరిత్ర ఉండే కేటలాగ్ టేబుల్) లాగ్ లేని సంఘటన ఉంది, దాన్ని దాటి పోలేను అని. ఆ మూడు రోజుల డేటాకి దారి లేదు. ఇమేజ్ కాపీకి పట్టేది కొద్ది నిమిషాలు.

చెక్ పెండింగ్‌ని తీసేస్తే తల్లి వరుస లేని పిల్ల వరుసలు ఉన్నా అడిగేవాడు లేడు. చెక్ డేటా వేయాలి. ఆర్‌ఈసీపీకి రికవర్, ఆర్‌బీడీపీకి రీబిల్డ్ ఇండెక్స్. ప్రతి గుర్తుకి దాని మందు ఉంది.

ఎల్‌పీఎల్‌కి అయితే ఫోర్స్ అసలు అక్కర్లేదు. డీఎస్ఎన్‌బీ250ఈ వచ్చి పేజీలు ఎల్‌పీఎల్‌లో పడితే డీబీ2 తానే సరిచేయడానికి ప్రయత్నిస్తుంది. అది కాకపోతే మామూలు `-స్టార్ట్ డీబీ(...) స్పేస్‌నామ్(...) యాక్సెస్(ఆర్‌డబ్ల్యూ)` ఇస్తే లాగ్ నుంచి ఆ పేజీల్ని రికవర్ చేస్తుంది. అయితే డీఎస్ఎన్ఐ021ఐ, కాకపోతే డీఎస్ఎన్ఐ022ఐ. రెండోది వస్తే కారణం చూసి, అంటే డిస్క్ దారి, వాల్యూమ్, కప్లింగ్ ఫెసిలిటీ లాంటివి సరిచేసి, మళ్లీ స్టార్ట్ ఇవ్వండి. అక్కడ ఫోర్స్ ఇస్తే ఆ పేజీలు రికవర్ కాకుండానే తలుపు తెరుచుకుంటుంది.

#9 – టెస్ట్‌రీజియన్

పేజ్‌సెట్ గారూ, మీ భయం సరైనదే, కానీ పూర్తిగా నిషేధం అనను. టెస్ట్‌లో డీఎస్ఎన్1కాపీతో (డేటాసెట్లను నేరుగా నకలు చేసే యుటిలిటీ) వేరే సబ్‌సిస్టమ్ నుంచి డేటా తెచ్చి పోసినప్పుడు, లేదా వెంటనే మొత్తం లోడ్ రీప్లేస్ చేయబోయే టేబుల్‌స్పేస్‌కి, ఆ పాత జెండాకి అర్థం ఉండదు. అక్కడ ఫోర్స్ ఇస్తే నష్టం లేదు.

#10 – పేజ్‌సెట్

ఒప్పుకుంటాను, ఒక షరతుతో. ఫోర్స్ ఇచ్చేముందు రిస్ట్రిక్ట్ డిస్‌ప్లే (ఇలాంటి జెండాలున్నవాటిని చూపేది) అవుట్‌పుట్ దాచి ఉంచాలి. ఏ జెండా తీశామో రాసి లేకపోతే తర్వాత ఎవరికీ తెలియదు. డీబీ2 గుర్తు పెట్టుకోదు. రన్‌బుక్‌లో మాత్రం ఆ లైన్ ఉండకూడదు. అర్ధరాత్రి చదివేవాడికి టెస్ట్, ప్రొడక్షన్ తేడా ఆ లైన్ చెప్పదు.

#11 – యుటిల్ఐడీ

స్టాప్ అవ్వకపోవడానికి ఇంకో కారణం ఎవరూ చెప్పలేదు: సగంలో ఆగిన యుటిలిటీ. స్టేటస్‌లో యూటీయూటీ, యూటీఆర్ఓ, యూటీఆర్‌డబ్ల్యూ ఏది కనిపించినా క్లెయిమర్స్ వెతకడం ఆపి ఇది కొట్టండి:

`-డీబీ2ఏ డిస్ యుటిల్(*)`

డీఎస్ఎన్‌యూ105ఐ వస్తే నడుస్తోంది. డీఎస్ఎన్‌యూ100ఐ వస్తే ఆగిపోయి ఉంది. ఏ యుటిలిటీ, ఏ ఫేజ్, కౌంట్ ఎంత అన్నది అందులోనే ఉంటుంది. ఫేజ్ చదవకుండా టర్మ్ యుటిల్ ఇవ్వడమే ఇక్కడ పెద్ద తప్పు.

రీఆర్గ్ షేర్‌లెవెల్ చేంజ్, స్విచ్ ఫేజ్‌కి ముందు ఆగింది అంటే టర్మ్ ఇచ్చినా అసలు డేటాకి ఏమీ కాదు, అది షాడోలో (వేరే నకలు డేటాసెట్‌లో) పనిచేస్తోంది. అదే రీఆర్గ్ షేర్‌లెవెల్ నన్, రీలోడ్ ఫేజ్‌లో ఉంటే పాత డేటా అప్పటికే పోయింది. టర్మ్ ఇస్తే టేబుల్‌స్పేస్ ఆర్‌ఈసీపీ. లోడ్ కూడా అంతే. రీబిల్డ్ ఇండెక్స్‌ని టర్మ్ చేస్తే ఆర్‌బీడీపీ మిగులుతుంది. కాపీని టర్మ్ చేస్తే సిస్‌కాపీలో టీ వరుస పడుతుంది, ఆ తర్వాత ఇంక్రిమెంటల్ కాపీ ఒప్పుకోదు, ఫుల్ కాపీ తీయాలి.

చాలాసార్లు సరైన దారి టర్మ్ కాదు, రీస్టార్ట్. స్పేస్ చాలక ఆగిన జాబ్‌ని అదే యుటిలిటీ ఐడీతో, ఆ స్పేస్ సరిచేసి, రీస్టార్ట్(కరెంట్) లేదా రీస్టార్ట్(ఫేజ్)తో మళ్లీ వేయండి. ఐడీ ఒక్క అక్షరం మారినా అది కొత్త యుటిలిటీ అవుతుంది, పాతది పట్టుకున్న వస్తువు దగ్గరే ఆగిపోతుంది. డేటా షేరింగ్‌లో నడుస్తున్న యుటిలిటీకి టర్మ్ అది నడుస్తున్న మెంబర్ నుంచే ఇవ్వాలి. ఆగిపోయినదైతే ఎక్కడినుంచైనా సరే.

#12 – కొత్తకన్సోల్

యుటిలిటీ ఏదీ లేదు. క్యాన్సిల్ పనిచేసింది, 8 పార్టిషన్లూ స్టాప్. కాపీ అయిపోయింది. తర్వాత `-డీబీ2ఏ స్టార్ట్ డీబీ(లెడ్జ్‌డీబీ)` ఇచ్చాను. డీఎస్ఎన్9022ఐ వచ్చింది. కానీ అప్లికేషన్‌కి -904 (వనరు అందుబాటులో లేదనే ఎస్‌క్యూఎల్ కోడ్), రీజన్ 00సీ90081, టైప్ 00000200 వస్తోంది.

#13 – క్లెయిమ్‌డ్రెయిన్

మీరు ఆపింది స్పేస్‌నామ్‌తో. తెరిచింది డేటాబేస్‌ని. పేరు పెట్టి ఆపినదాన్ని పేరు పెట్టే తెరవాలి. డేటాబేస్ స్థాయి స్టార్ట్ విడిగా ఆపిన టేబుల్‌స్పేస్‌ని ముట్టుకోదు.

`-డీబీ2ఏ స్టార్ట్ డీబీ(లెడ్జ్‌డీబీ) స్పేస్‌నామ్(లెడ్జ్‌టీఎస్) యాక్సెస్(ఆర్‌డబ్ల్యూ)`

ఇండెక్స్‌లను కూడా విడిగా ఆపి ఉంటే వాటి ఇండెక్స్ స్పేస్ పేర్లతో అలాగే ఇవ్వండి. డీబీ2ని ఆపి మళ్లీ లేపితే సరిపోతుందని అనుకోకండి, స్టాప్ స్థితి రీస్టార్ట్ దాటి కూడా నిలుస్తుంది.

-904లో టైప్ చదవడం అలవాటు చేసుకోండి, సగం వెతుకులాట తగ్గుతుంది. 00000100 డేటాబేస్, 00000200 టేబుల్‌స్పేస్, 00000201 ఇండెక్స్ స్పేస్. రీజన్‌లో 00సీ90081 అంటే ఆపి ఉంది. 00సీ90080 అంటే ఆర్ఓలో తెరిచి ఉంది, మీరు రాయబోయారు. 00సీ90082 అంటే యూటీలో తెరిచి ఉంది, యుటిలిటీలకే ప్రవేశం. 00సీ9008ఈ టైమవుట్, 00సీ90088 డెడ్‌లాక్. ఈ చివరి రెండూ స్టాప్‌కి సంబంధించినవి కావు, అక్కడ స్టార్ట్ కొట్టి లాభం లేదు.

#14 – జేసీఎల్‌పెట్టె

ఇవన్నీ కన్సోల్‌లో చేతితో కొట్టే బదులు బ్యాచ్‌లో పెడితే అవుట్‌పుట్ మిగులుతుంది. పైగా కన్సోల్ కమాండ్‌కి 126 అక్షరాల హద్దు ఉంది, పేర్లు పెరిగితే చాలదు.

```
//స్టెప్1   ఎగ్జెక్ పీజీఎం=ఐకేజేఈఎఫ్‌టీ01
//సిస్‌టీఎస్‌పీఆర్‌టీ డీడీ సిస్అవుట్=*
//సిస్‌టీఎస్ఐఎన్ డీడీ *
 డీఎస్ఎన్ సిస్టమ్(డీబీ2ఏ)
 -డిస్ డీబీ(లెడ్జ్‌డీబీ) స్పేస్‌నామ్(*) రిస్ట్రిక్ట్ లిమిట్(*)
 -డిస్ డీబీ(లెడ్జ్‌డీబీ) స్పేస్‌నామ్(*) అడ్వైజరీ లిమిట్(*)
 ఎండ్
/*
```

ఇక్కడ ప్రిఫిక్స్ ఉత్త హైఫన్ మాత్రమే. సబ్‌సిస్టమ్ ఏదో డీఎస్ఎన్ లైన్ చెబుతుంది. కన్సోల్ అలవాటులో -డీబీ2ఏ డిస్ అని రాస్తే తప్పు పడుతుంది. లైన్ చివర హైఫన్ పెడితే టీఎస్ఓ దాన్ని కొనసాగింపుగా తీసుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

రెండు డిస్‌ప్లేలు ఎందుకంటే రిస్ట్రిక్ట్‌లో ఏఆర్ఈఓఆర్, ఐకాపీ లాంటి సలహా స్థితులు రావు. స్టాప్ ముందు ఒకసారి, స్టార్ట్ తర్వాత ఒకసారి ఈ జాబ్ వేసి రెండు అవుట్‌పుట్లు పోల్చండి. జాబ్ రిటర్న్ కోడ్ 0 చూసి నమ్మకండి, డీఎస్ఎన్9022ఐ, ఆ పైన స్టేటస్ కాలమ్ రెండూ చదవాలి. జాబ్ వేసే ఐడీకి స్టాప్‌డీబీ, స్టార్ట్‌డీబీ, డిస్‌ప్లేడీబీ హక్కులు ఉన్నాయో లేదో ముందురోజే పరీక్షించండి.

#15 – డీబీఆర్‌సీ

ఇదే ఐఎంఎస్ డేటాబేస్ అయితే మాటలు ఒకేలా ఉన్నా పని వేరు, ఇక్కడే తికమక పడతారు. ఐఎంఎస్‌లో /స్టాప్ డీబీ కొత్త ప్రోగ్రాముల షెడ్యూలింగ్‌ని ఆపుతుంది, డేటాబేస్‌ని మూయదు. ఆఫ్‌లైన్ పనికి కావలసింది /డీబీఆర్. అది మూస్తుంది, డేటాసెట్ వదిలేస్తుంది, డీబీఆర్‌సీ (డేటాబేస్ వాడకాన్ని అదుపు చేసే ఐఎంఎస్ భాగం) దగ్గరున్న ఆథరైజేషన్ తీసేస్తుంది. చదవడానికి ఉంచి రాయడం మాత్రం ఆపాలంటే /డీబీడీ.

`/డీబీఆర్ డీబీ లెడ్జర్ఏ నోఎఫ్ఈఓవీ`

నోఎఫ్ఈఓవీ లేకపోతే ప్రతి /డీబీఆర్‌కి ఓఎల్‌డీఎస్ (ఐఎంఎస్ ఆన్‌లైన్ లాగ్ డేటాసెట్) మారుతుంది. ఇరవై డేటాబేస్‌లకు ఇరవై కమాండ్లు వేస్తే లాగ్ డేటాసెట్లు వరసగా మారిపోయి ఆర్కైవ్ వెనకపడుతుంది. పేర్లన్నీ ఒకే కమాండ్‌లో ఇవ్వడం మేలు.

బీఎంపీ (ఐఎంఎస్ కింద నడిచే బ్యాచ్ ప్రోగ్రామ్) ఒకటి వాడుతుంటే డీఎఫ్ఎస్0565ఐ వస్తుంది, రీజియన్ నంబర్‌తో సహా. ఆ డేటాబేస్‌కి కమాండ్ జరగలేదని అర్థం. /డిస్ ఏ ఆర్‌ఈజీతో ఆ బీఎంపీ ఏదో చూసి, ముగిసేదాకా ఆగండి లేదా దాని యజమానితో మాట్లాడి ఆపించండి. అయిపోతే డీఎఫ్ఎస్0488ఐ. ఆ తర్వాత /డిస్ డీబీలో స్టాప్డ్, నాట్‌ఓపెన్ రెండూ కనిపించాలి. నాట్‌ఓపెన్ లేకుండా స్టాప్డ్ ఒక్కటే ఉంటే ఇంకా మూయలేదు.

గ్లోబల్ వాడితే ఇంకో వల ఉంది. /డీబీఆర్ గ్లోబల్ రీకాన్‌లో (డీబీఆర్‌సీ రికార్డులుండే డేటాసెట్లు) ఆథరైజేషన్ నిషేధం జెండా పెడుతుంది. ఆ తర్వాత మీరు దేనికోసం ఆపారో ఆ బ్యాచ్ అప్‌డేట్ జాబే డీఎఫ్ఎస్047ఏతో పడిపోతుంది. నోపీఎఫ్ఏ అని కలిపి ఇస్తే ఆ జెండా పడదు. అప్పటికే పడి ఉంటే చేంజ్.డీబీ డీబీడీ(లెడ్జర్ఏ) ఆథ్ అని డీబీఆర్‌సీ కమాండ్‌తో తీయాలి.

#16 – కొత్తకన్సోల్

అప్లికేషన్ నడుస్తోంది, అందరికీ కృతజ్ఞతలు. రన్‌బుక్‌లో ఫోర్స్ లైన్ తీసేశాం. ఒకటి మిగిలింది: క్యాన్సిల్ చేసిన పెద్ద థ్రెడ్ వెనక్కి వెళ్తుండగా డీఎస్ఎన్‌జే110ఈ వస్తే ఏం చేయాలి? ఆ థ్రెడ్‌నే ఆపేస్తే ఆగుతుందా?

#17 – లాగ్‌రికార్డు

ఆగదు. వెనక్కి తీయడం కూడా లాగ్ రాస్తుంది. అది పూర్తి కాకపోతే డేటా సరికాదు. డీఎస్ఎన్‌జే110ఈ అంటే మిగిలిన చివరి యాక్టివ్ లాగ్ నిండుతోంది, ప్రతి 5 శాతానికి మళ్లీ వస్తుంది. డీఎస్ఎన్‌జే111ఈ దాకా వెళ్తే స్థలం అయిపోయింది, లాగ్ రాయాల్సిన పనులన్నీ నిలబడతాయి. కాబట్టి మొదటి మెసేజ్‌కే కదలాలి.

సమస్య సాధారణంగా థ్రెడ్‌లో ఉండదు, ఆఫ్‌లోడ్‌లో (నిండిన లాగ్‌ని ఆర్కైవ్‌కి రాసే పనిలో) ఉంటుంది. `-డీబీ2ఏ డిస్ లాగ్` ఇచ్చి ఆఫ్‌లోడ్ నడుస్తోందా చూడండి. జవాబు కోసం నిలబడ్డ మెసేజ్ ఉందా, టేప్ మౌంట్ కోసం ఆగిందా, డీఎస్ఎన్‌జే115ఐ వచ్చి ఆర్కైవ్ డేటాసెట్ అలొకేట్ కాలేదా – ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. ఆ అడ్డు తీయండి. ఆఫ్‌లోడ్ టాస్క్ ఇరుక్కుపోయి ఉంటే `-డీబీ2ఏ ఆర్కైవ్ లాగ్ క్యాన్సిల్ ఆఫ్‌లోడ్`. అది ఆఫ్‌లోడ్‌ని రద్దు చేసి, ఇంకా ఆర్కైవ్ కాని అన్నిటికంటే పాత యాక్టివ్ లాగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టిస్తుంది.

టైమ్ లేకపోతే కొత్త యాక్టివ్ లాగ్‌ని నడుస్తుండగానే చేర్చవచ్చు: `-డీబీ2ఏ సెట్ లాగ్ న్యూలాగ్(...) కాపీ(1)`, డ్యూయల్ లాగింగ్ అయితే కాపీ(2)కి కూడా. డేటాసెట్ ముందే ఐడీకామ్స్‌తో నిర్వచించి, డీఎస్ఎన్‌జేఎల్ఓజీఎఫ్‌తో ఫార్మాట్ చేసి ఉండాలి. ఫార్మాట్ లేకపోయినా తీసుకుంటుంది, కానీ రాసేటప్పుడే ఫార్మాట్ చేసుకుంటూ నెమ్మదిస్తుంది, సరిగ్గా మీకు తొందర ఉన్న సమయంలో. అందుకని ఒక జత ఫార్మాట్ చేసి పక్కన ఉంచుకోండి, పేర్లు రన్‌బుక్‌లో ఫోర్స్ లైన్ తీసిన చోట రాయండి.